పదిహేనో మెట్టు

హన్మకొండ,
11 ఫిబ్రవరి 2020.

ప్రియమైన మిత్రమా,

సంక్రాంతికి ముందు వచ్చిన నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. బాపు మోకాళ్ల నొప్పి తగ్గింది, పాప పరీక్షలకు చదువుకుంటున్నది, అందరం క్షేమమే. నిన్న సాయంత్రం జరిగింది నీకు చెబితే తప్ప నా మనసు నిలవదు.

హాస్టల్ మెట్లు ఎక్కుతూ ఒక్కో మెట్టుకు రెండింతలు చేసుకుంటూ పోయి, పదిహేనో మెట్టు మీద 32,768 అని అరిచి నిలబడేవాడివి, గుర్తుందా? అదే సంఖ్య నేను చూసుకునే ఆసుపత్రి సర్వర్‌లో ఎదురైంది.

ఆ సర్వర్‌లో 2016 మే నెలలో ఒకేరోజు బిగించిన 800 జీబీ ఎస్‌ఎస్‌డీలు, అంటే చిప్‌లలో సమాచారం దాచే డ్రైవ్‌లు, ఎనిమిది ఉన్నాయి. రోజుకు మూడుసార్లు నిండా రాసినా ఐదేళ్లు నిలిచే రకం అవి. కరెంటు హఠాత్తుగా పోయినా, చేతిలో ఉన్న సమాచారాన్ని రాసి ముగించేటంత శక్తిని వాటిలోని కెపాసిటర్లు నిలుపుకొంటాయి. సమాచారాన్ని డ్రైవ్‌లన్నిటికీ పంచి దాచే రెయిడ్ 6 పద్ధతిలో ఉన్నందున రెండు పోయినా పని ఆగదు. అరుగుదల పదకొండు శాతమే కనిపిస్తుంటే వాటి ఆరోగ్యం గురించి నేనెన్నడూ దిగులు పడలేదు.

జాతర మొదలైన బుధవారం ఉదయం, సగం మంది మేడారం వెళ్లిపోగా, పాత మెయిళ్లు సర్దుతూ నవంబరు నాటి తయారీదారు హెచ్చరిక ఒకటి చూశాను. ఫర్మ్‌వేర్, అంటే డ్రైవ్‌ను లోపలి నుంచి నడిపే ప్రోగ్రాం, అందులోని లోపం వల్ల కొన్ని మోడళ్లు సరిగ్గా 32,768 గంటలు నడిచాక ఆగిపోతాయని, ఆ తరువాత డ్రైవ్ గానీ అందులోని సమాచారం గానీ తిరిగి రాదని అందులో ఉంది. నడిచిన గంటలను గుర్తుతో (ప్లస్, మైనస్) కూడిన పదహారు బిట్ల సంఖ్యగా లెక్కపెడితే అది 32,767 దాకానే పోతుంది కదా, కారణం నీకు వెంటనే తట్టి ఉంటుంది. మా మోడల్ ఆ జాబితాలో ఉంది. నడిచిన గంటల మీటరు చూస్తే ఎనిమిదింటిలోనూ 32,640. అంటే ఇంకా 128 గంటలు, సోమవారం సాయంత్రం ఆరు వరకు! ఒకేరోజు పుట్టిన ఎనిమిదీ ఒకే గంటలో పోతే రెయిడ్ ఏం కాపాడుతుంది? రోగుల రక్తపరీక్షల ఫలితాలన్నీ అందులోనే ఉన్నాయి మిత్రమా, నా చేతులు చల్లబడిపోయాయి.

ముందు బ్యాకప్‌ను ఇంకో సర్వర్‌లోకి దింపి, రికార్డులు తెరుచుకుంటున్నాయో లేదో నలభై దాకా స్వయంగా చూశాను. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్ అనను. గురువారం, సమ్మక్క గద్దెకు చేరిన రాత్రి, అర్ధరాత్రి దాటాక రెండు గంటలు సేవలు ఆపేందుకు ఆసుపత్రి వారు ఒప్పుకున్నారు. ల్యాబ్‌లో అక్కలు కాగితాల మీద రాసుకున్నారు. మొదట అదనంగా ఉంచిన డ్రైవ్ మీద కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించి, అది బాగా లేచిన తరువాతే మిగతావి ఒక్కొక్కటిగా చేశాను. ఏడోది లేవడానికి ఎక్కువసేపు పట్టినప్పుడు నాకు తెలియకుండానే తల్లీ అని మొక్కుకున్నాను.

అయినా నిన్న సాయంత్రం ఆరింటికి తెర ముందు నుంచి కదలలేకపోయాను. 32,767 కనిపించింది. తరువాత 32,768. ఎనిమిది ఆకుపచ్చ దీపాలూ అలాగే వెలుగుతున్నాయి. ఏడుపొచ్చింది, నిజంగా.

ఇకమీదట ఒకే సర్వర్‌లో ఒకేరోజు కొన్నవన్నీ పెట్టనివ్వను, అరుగుదలతో పాటు నడిచిన గంటలనూ ప్రతి నెలా రాసి ఉంచుతాను. ఆ హెచ్చరిక మెయిల్ ఉద్యోగం మానేసిన ఒకరి పేరున రెండు నెలలు పడి ఉంది, దాని సంగతి మాత్రం ఇంకా…

రేపు తిరుగువారం, జాతర తరువాతి బుధవారం, అవ్వ ఇప్పటికే బెల్లం మూటతో బండెక్కి పిలుస్తున్నది, మొక్కు తీర్చుకోవాలి. నీ కార్యాలయం సర్వర్లలో కూడా 2016 నాటివి ఉన్నాయన్నావు కదా, ఈ ఉత్తరం మడవకముందే వెళ్లి మీటరు చూడు.

నీ
పదిహేనో మెట్టు మిత్రుడు