అన్నీ అర్జెంటే అయితే ఎలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏకాగ్రత గురించి పత్రికల్లో ఏ వ్యాసం వచ్చినా వదలకుండా చదువుతాను, నిజం చెప్పాలంటే చేయాల్సిన పని పక్కన పెట్టి మరీ చదువుతాను. ఫోను దూరంగా పెట్టండి, మనసు గట్టి చేసుకోండి, పొద్దున్నే లేవండి, చివరికి అన్నిట్లోనూ తేలేది ఇదే. సలహాలు మంచివే. కానీ తప్పంతా దృష్టి చెదిరినవాడిదే అన్నట్టు రాస్తారు చూడండి, అక్కడే నాకు పేచీ. చెదరగొట్టేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. ఆ జాబితాలో నేనూ ఉన్నాను, మీరూ ఉన్నారు, అందుకే ఈ ఉత్తరం.

నాది లెక్కలు సరిచూసే పని, వారంలో కొన్ని రోజులు ఆఫీసులో, కొన్ని రోజులు ఇంట్లోంచి. ఆ మధ్య ఒక పెద్ద షీట్ మీద కూర్చున్నప్పుడు ఫోనొచ్చింది, 'ఒక్క నిమిషం' అన్నారు, పాపం నిజంగానే ఒక్క నిమిషమే మాట్లాడారు. మళ్లీ షీట్‌లోకి వచ్చి 63 ఉండాల్సిన చోట 36 కొట్టేసి ముందుకెళ్లిపోయాను. రావాల్సిన మొత్తానికీ వచ్చినదానికీ తేడా 9తో శేషం లేకుండా పోతే అంకెలు ఎక్కడో తారుమారై ఉండొచ్చని మా పనిలో కొత్తగా చేరినవాళ్లకి కూడా తెలుసు, ఆ రోజు నాకు అది కూడా తట్టలేదు. తప్పు దొరికేసరికి రాత్రి తొమ్మిది దాటింది.

కోపమొచ్చి మర్నాడు ఒక కాగితం పక్కన పెట్టుకున్నాను. ఎవరైనా పిలిస్తే ఎడమవైపు ఒక గీత, నా అంతట నేనే పని వదిలేస్తే కుడివైపు ఒక గీత. సాయంత్రానికి మొత్తం 31. ఎడమవైపు 12 ఉన్నాయి, కుడివైపు 19! ఎవరూ పిలవలేదు, ఏ శబ్దమూ రాలేదు, చెయ్యి దానంతటదే ఫోను మీదికి పోయింది. ఇంకేం, వ్యాసాలు రాసేవాళ్లదే రైటు, తప్పు నాదే అనుకున్నాను. కానీ ఆ 19 సార్లూ ఫోన్లో ఏం చూశానని గుర్తు చేసుకుంటే, చాలావరకు గ్రూపులో మేనేజర్ ఏమైనా పెట్టారేమో, చూసి కూడా జవాబివ్వలేదని ఎవరైనా అనుకుంటున్నారేమో అన్న టెన్షనే. పిలవకపోయినా, పిలుస్తారేమోనన్న భయం పిలిచిందన్నమాట.

సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీని మీద ఒక పరిశోధన పత్రం రాశారు. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్తే మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందట, దాంతో కొత్త పని కూడా సరిగ్గా సాగదు. మరి పై అధికారులకి ఇది ఎందుకు కనపడదు అంటే, దానికీ జవాబుంది. గ్లోరియా మార్క్, ఆమె సహచరులు 2008లో చూసింది ఏమిటంటే, మధ్యమధ్యలో ఆటంకాలు వచ్చినవాళ్లు పని ఆలస్యం చేయలేదు, ఇంకా తొందరగానే ముగించారు, కాకపోతే ఒత్తిడీ చిరాకూ ఎక్కువయ్యాయి. అంటే టైముకి పని అందుతూనే ఉంటుంది, 'ఏం నష్టం జరిగింది?' అని అడిగేవాళ్లకి చూపించడానికి మన దగ్గర ఏమీ ఉండదు. లోపల అరిగేది మాత్రం మనమే.

అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి అని ఒకరుంటారు, పద్యం అల్లుకుంటున్న అవధానిని సంబంధం లేని మాటలతో కదిలించడమే ఆయన పని. అయితే ఆయన ఒక్కరే, అదీ ఎదురుగానే కూర్చుంటారు, సభ అయిపోగానే లేచి వెళ్లిపోతారు. మనకి ఆ సుఖం కూడా లేదు. మనలో ప్రతివాడూ ఇంకెవరికో అప్రస్తుత ప్రసంగే.

ఇంట్లో నేను చేసేది అదే కదా. మా ఆవిడ మీటింగ్‌లో ఉంటే తలుపు దగ్గర నిలబడి 'ఛార్జర్ ఎక్కడ పెట్టావ్' అని సైగలు చేసేవాణ్ణి. తను కూడా తక్కువేం తినలేదు, పక్క గదిలోంచి 'ఒకసారి ఇటు రండి' అని కేక. ఇద్దరం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం: కొంప మునగనిది ఏదైనా గోడకి పెట్టిన కాగితం మీద రాయాలి, భోజనం దగ్గర మాట్లాడుకోవాలి. విచిత్రం ఏంటంటే భోజనం టైముకి అందులో సగం వాటంతటవే తీరిపోయి ఉంటాయి. ఛార్జర్ కూడా దొరికేస్తుంది. మా అమ్మాయి విషయంలో మాత్రం ఇంకా సిగ్గుగానే ఉంది, ఏదో చెబుతూ చెబుతూ మధ్యలో 'నాన్నా, వంటింట్లోకి ఏనుగొచ్చింది' అంది, నేను స్క్రీన్ మీంచి కళ్లు తీయకుండా 'ఊఁ' అన్నాను.

ఆఫీసు విషయంలో నాకు బాగా ఉపయోగపడింది ఇదొక్కటే: ఎవరైనా పిలిస్తే లేచే ముందు 'ఇక్కడిదాకా అయింది, తర్వాత ఈ గడి' అని ఒక ముక్క రాసుకోవడం. ఇదీ నా సొంత తెలివి కాదు, అదే లెరాయ్ ఇంకొకరితో కలిసి 2018లో చెప్పిన ఉపాయం. అర నిమిషం పట్టదు. అలా రాసుకోవడం మొదలుపెట్టాక 63 మళ్లీ 36 కాలేదు.

ఫోను పూర్తిగా ఆపేస్తే సరిపోతుంది కదా అంటారేమో, నేనూ చూశాను, గంటసేపు ఆపితే ఇంకా కంగారు పుట్టింది. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో 237 మంది మీద రెండు వారాలు ఇలాంటిదే పరీక్షించారు. నోటిఫికేషన్లు రోజుకి మూడుసార్లు కట్టగా అందుకున్నవాళ్లకి దృష్టి బాగా నిలిచింది, ఒత్తిడి తగ్గింది, అసలు రాకుండా ఆపేసినవాళ్లలో మాత్రం ఆందోళన పెరిగింది. నాకు ఇది చాలా నచ్చింది. పూర్వం ఉత్తరాలు వచ్చినట్టన్నమాట, పోస్ట్‌మ్యాన్ వచ్చే టైము తెలుసు కాబట్టి పొద్దస్తమానం గుమ్మం వైపు చూస్తూ కూర్చునేవాళ్లం కాదు.

ఇక మీ దగ్గరికి వస్తాను, ఏమీ అనుకోకండి. నిన్న మీ పత్రిక యాప్ నుంచి నా ఫోనుకి 14 అలర్ట్‌లు వచ్చాయి. అన్నిటికీ ముందు 'బ్రేకింగ్' అని ఉంది, ఒకటి ఎవరో సినిమా నటుడి కొత్త హెయిర్‌స్టైల్ గురించి. సెట్టింగ్స్‌లో చూస్తే ఉన్నవి రెండే, అన్నీ కావాలి లేదా ఏదీ వద్దు. పొద్దున ఒక కట్ట, సాయంత్రం ఒక కట్ట అని మూడోది పెట్టగలరా? నిజంగా తుపానో భూకంపమో వస్తే ఎప్పుడైనా లేపండి, కాదనను.

ఇట్లు,
ఒక పాత చందాదారు