మంచం పక్కన కుర్చీ
ఎడిటర్ గారికి,
2023లో బీఎంజే అనే వైద్య పత్రికలో ఒక స్టడీ వచ్చింది, టెక్సస్‌లో ఒక హాస్పిటల్లో చేశారు. కొన్ని రూముల్లో కుర్చీని మంచానికి 3 అడుగుల లోపే పేషెంట్ వైపు తిప్పి పెట్టారు, మిగతా రూముల్లో ఎప్పుడూ ఉండే చోటే వదిలేశారు, డాక్టర్లకి మాత్రం అసలు సంగతి చెప్పలేదు. దగ్గర పెట్టిన చోట 63 శాతం సార్లు డాక్టర్ కూర్చున్నారు, అలా పెట్టని చోట 8 శాతమే! పోనీ టైం ఎక్కువ పట్టిందా అంటే అదీ లేదు, పేషెంట్లు మాత్రం కాస్త ఎక్కువ తృప్తిగా ఉన్నామన్నారు.

మా నాన్న అడ్మిట్ అయినప్పుడు డాక్టర్ గారు నిలబడే ఫైలు తిరగేస్తూ "ఎలా ఉంది" అనేవారు, నాన్న "బానే ఉందండీ" అనేసేవారు, ఆయన అటు వెళ్లగానే నాతో "రాత్రంతా ఆయాసంగానే ఉందిరా" అని మొదలుపెట్టేవారు. రూములో కుర్చీ లేక కాదు, దాని మీద మా బ్యాగు, ఫ్లాస్కు, మడత పెట్టని దుప్పటి ఉండేవి, ఇక ఆయన ఎక్కడ కూర్చుంటారు పాపం.

కోట్లు పెట్టి మెషీన్లు కొంటారు కదా, మంచానికో స్టూలు డాక్టర్ కోసమని విడిగా వేస్తే ఏం పోతుంది? మీ హెల్త్ పేజీలో దీని గురించి కాస్త వివరంగా రాయండి.

- ఒక పాఠకుడు