మేఘాద్రిగెడ్డకు కొండ నుంచే ప్రణాళిక కావాలి

ఎడిటర్ గారికి,

విశాఖ నగరానికి తాగునీరిచ్చే జలాశయాల్లో ఒకటైన మేఘాద్రిగెడ్డ గురించి చర్చ వచ్చినప్పుడల్లా నీటిమట్టం ఎన్ని అడుగులుందన్న దగ్గరే ఆగిపోతున్నాం. ఆ నీరు పెందుర్తి, సబ్బవరం, కొత్తవలస పరిసరాల్లోని కొండవాలుల మీద కురిసి, ఊరూరా ఉన్న చిన్న గెడ్డలు (కొండవాగులు), చెరువుల మీదుగా దిగివస్తుందన్న సంగతి మాత్రం ఏ సమీక్షలోనూ ప్రస్తావనకు రావడం లేదు.

మా ఊరికి ఎగువన జరిగినది ఒక్కటి చెబుతాను. ఒక ఇళ్ల స్థలాల లేఅవుట్‌కు గ్రావెల్ రోడ్డు వేసినవారు, రెండు బళ్లు పక్కపక్కన దిగేంత వెడల్పున్న గెడ్డకు అడ్డంగా ఒకే ఒక్క సిమెంటు తూర (గొట్టం) వేసి మట్టి కప్పేశారు. గట్టి వాన పడితే ఎర్రనీరు ఆ రోడ్డును ఆనుకుని నిలిచి ఎగువనున్న వరిమళ్లు మునుగుతాయి. దిగువ చెరువుకేమో సగం కూడా నీరు చేరదు, చేరినది కూడా మట్టిని మోసుకొచ్చి మదుము (చెరువు తూము) ముందు మేట వేస్తుంది. ఫిర్యాదు చేస్తే, చెరువు గట్టు వరకే తమ బాధ్యత అని ఒక కార్యాలయం, గెడ్డ తమ పరిధిలోనిది కాదని మరొకటి సమాధానమిచ్చాయి. గట్టుకు పైన నీటికి దిక్కెవరో ఇద్దరూ చెప్పలేదు.

పైగా ఈ పరీవాహక ప్రాంతం ఒక జిల్లాలో లేదు. కొత్తవలస ఎప్పటినుంచో విజయనగరం జిల్లాలోనిదే. 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనతో సబ్బవరం అనకాపల్లి జిల్లాకు వెళ్లింది, మా పెందుర్తి విశాఖపట్నం జిల్లాలో ఉంది. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు ఆదుకుంటాయనుకుందామంటే, తాగునీటికీ సాగునీటికీ మనుషులు కట్టుకున్న జలాశయాలను, నదీ ప్రవాహ మార్గాలను అవి తమ నిర్వచనం నుంచే మినహాయించాయి. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఉంది కానీ, అది గుర్తుకొచ్చేది ఎక్కువగా బోరు వేసేటప్పుడూ చెట్టు కొట్టేటప్పుడే.

కాబట్టి ఈ పని గ్రామాల నుంచే మొదలుకావాలన్నది నా అభిప్రాయం. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో చిన్నతరహా సాగునీరు, నీటి యాజమాన్యం, వాటర్‌షెడ్ అభివృద్ధి పంచాయతీలకు అప్పగించదగిన అంశాలుగా ఉన్నాయి. ఏటా తయారుచేసే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో సిమెంటు రోడ్లు, కాలువలతో పాటు గెడ్డల హద్దులు, చెరువుల పూడికతీత, కొండవాలు మీద కందకాలు కూడా చేరాలి. అయితే ఏ ఊరికా ఊరు విడిగా రాసుకుంటే ప్రయోజనం ఉండదు. ఒకే గెడ్డ మీదున్న పంచాయతీలన్నీ, జిల్లా ఏదైనా సరే, కలిసి కూర్చుని ఒకే పటం మీద గీసుకోవాలి. అందులో పశువుల కాపరులకు, వలలు వేసేవారికి, చెరువు కింద కౌలుకు చేసేవారికి కూడా చోటుండాలి. భూమి లేదు కనుక వారి మాట ఎవరూ అడగరు గానీ, ఏ వానకు నీరెటు మళ్లుతుందో సర్వేయరు కంటే వారికే బాగా తెలుసు.

ఇందులో నగరం బాధ్యత కూడా ఉంది. నీరు తాగేది నగరం, లేఅవుట్ ధర వదులుకోవలసింది మాత్రం పల్లె రైతు అంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. గెడ్డ ఒడ్డున కొంత మేర కట్టడాలు లేకుండా ఉంచే రైతుకు విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) నీటి పన్నుల ఆదాయం నుంచి ఏటా ఎంతో కొంత చెల్లించడం న్యాయం. భారీ వర్షాలకు జలాశయం గేట్లు ఎత్తినప్పుడు విమానాశ్రయం వైపు పల్లపు ప్రాంతాలు పడే అవస్థ చూసినవారికి ఇది దండగ ఖర్చనిపించదు.

అక్టోబరులో ప్రణాళిక గ్రామసభలు మొదలయ్యేలోగా, కనీసం గెడ్డ పోరంబోకు సర్వే నంబర్ల జాబితానైనా ప్రతి గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద పెట్టించాలని మూడు జిల్లాల కలెక్టర్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక రైతు, పెందుర్తి మండలం, విశాఖపట్నం జిల్లా