గురువారం షాపు ఎందుకు మూశానంటే

గురువారం మధ్యాహ్నం వచ్చి, తాళం చూసి వెనక్కి వెళ్లినవాళ్లందరికీ ముందుగా సారీ. మగ్గం వర్క్ బ్లౌజు తీసుకెళ్దామని ఒకావిడ గంటసేపు డ్రైవ్ చేసుకుని వచ్చారట. ఫోన్‌లో ఆవిడతో "చిన్న పని పడిందండీ" అన్నాను. ఆ పని ఏమిటంటే, ఇంకో షాపు చూడటానికి వెళ్లడం.

ఫిలడెల్ఫియా డౌన్‌టౌన్‌లో వనమేకర్స్ అనే పాత పెద్ద షాపు బిల్డింగ్ ఉంది కదా. 2006 నుంచి అందులో మేసీస్ అనే డిపార్ట్‌మెంట్ స్టోర్ నడిచింది. దానికి 2025 మార్చి 23 ఆఖరి రోజు అని విన్నాక ఆగలేకపోయాను. ఇన్నేళ్లు బట్టల వ్యాపారం చేస్తూ, ఇంత దగ్గర్లో ఉండి కూడా, నేను ఒక్కసారీ లోపలికి అడుగుపెట్టలేదు.

క్లియరెన్స్ బోర్డులు, సగం ఖాళీ అయిన హ్యాంగర్లు దాటుకుని నడిస్తే ఒక్కసారిగా కప్పు మాయమైపోతుంది. నడిమి హాలు ఏడంతస్తుల ఎత్తు. మధ్యలో దాదాపు 1,100 కిలోల కంచు గద్ద. ఊళ్లో రావిచెట్టు కింద కలుసుకున్నట్టు, అక్కడివాళ్లు తరతరాలుగా "గద్ద దగ్గర కలుద్దాం" అనుకునేవారట. నేను వెళ్లినప్పుడూ ఒక పెద్దావిడ దాని పీఠం మీద చెయ్యి ఆనించి ఎవరికోసమో చూస్తోంది.

ఇంతలో ఆర్గన్, అంటే గొట్టాల్లోకి గాలి ఊది మోగించే పెద్ద వాయిద్యం, మొదలైంది. 1904 సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్ కోసం చేసింది అది. 13 గూడ్స్ రైలు పెట్టెల్లో తెప్పించి 1911లో మొదటిసారి ఇక్కడ వాయించారు. హాలుకి ఆ శబ్దం చాల్లేదని షాపులోనే వర్క్‌షాప్ పెట్టి పెంచుకుంటూ పోయారు. ఇప్పుడు 28,000కి పైగా గొట్టాలు. చీరలమ్మేదాన్ని, సంగీతం గురించి నాకేం తెలుసు! కానీ కింది స్వరాలకి నా చెప్పుల కింద నేల అదిరింది.

తిరుగు రైల్లో మాత్రం బుర్రలో ఇంకోటి తిరిగింది. ఆ షాపు పెట్టిన జాన్ వనమేకర్ అందరికీ ఒకే ధర, నచ్చకపోతే డబ్బు వాపసు అని 1870లకే పేపర్లో ప్రకటనలు వేసిన మనిషి. ఆ పద్ధతి ఆయనొక్కడే కనిపెట్టాడని కాదు, గట్టిగా పట్టుకున్నాడు. మరి నా షాపులో? ఏ చీరకీ ట్యాగ్ లేదు. మొహం చూసి రేటు చెప్పాను. బేరమాడినవాళ్లకి తగ్గించాను, మొహమాటపడి అడగనివాళ్ల దగ్గర పూర్తిగా తీసుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

అందుకే ప్రతి చీరకీ ట్యాగ్ వేస్తున్నాను. ఇక బేరం లేదు. గట్టిగా బేరమాడే పాత కస్టమర్లకి రేటు పెరిగినట్టు అనిపిస్తుంది, నిజమే, మీకు కొంచెం పెరుగుతుంది. ఫాల్ కుట్టని చీర 14 రోజుల్లో తెచ్చిస్తే డబ్బు వెనక్కి ఇస్తాను. కుట్టిన బ్లౌజు మాత్రం వెనక్కి తీసుకోలేను. మేం కొలత తప్పితే ఊరికే సరిచేస్తాం. ఆ మగ్గం వర్క్ బ్లౌజు శనివారం నేనే వాళ్లింటికి తీసుకెళ్లి ఇచ్చాను.

ఇప్పటికి పట్టు చీరల ర్యాకులు రెండే అయ్యాయి. పిల్లల లంగాలు వచ్చేవారం. ఈలోగా ట్యాగ్ లేనిది చేతికొస్తే కౌంటర్ దగ్గరకి తీసుకురండి, మీ ముందే రాసి కడతాను.