పేరు వాడుకుంటే ఊరు కూడా చెప్పాలి

సంపాదకుడి గారికి,

మీ ఆదివారం అనుబంధంలో వెండి నగల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి. కానీ ఉత్తరాఫ్రికా నగలన్నిటినీ 'ట్రైబల్ లుక్' అని ఒకే గంపలో వేశారు. అగదెజ్ శిలువ బొమ్మ కింద 'క్రైస్తవ చిహ్నం' అని రాసి, పక్కన ధర రూ.499 వేశారు. వెండి కొట్టు నడిపే కుటుంబం మాది. ఇంత సైజు బిళ్ల వెండిలో ఆ ధరకు రాదు. అది వెండిలా కనిపించేలా నల్లబరిచిన వేరే లోహం, ఆక్సిడైజ్డ్ మాలు. అమ్ముకోవడంలో తప్పు లేదు, అదేమిటో చెప్పి అమ్మాలి.

ముందు ఆ శిలువ సంగతి. అగదెజ్ నైజర్ దేశంలో ఎడారి అంచున ఉన్న పాత పట్టణం. శిలువను ధరించే టువారెగ్‌లు (సహారా ఎడారి సంచార జాతి) ముస్లింలు. ఆ ఆకారం ఒంటె జీను కొమ్ము నుంచి వచ్చిందని కొందరు, నక్షత్రాల నుంచి వచ్చిందని కొందరు చెబుతారు. అగదెజ్‌కే కాదు, ఇఫెరువాన్, తహువా, జిందేర్, ఇన్‌గాల్ లాంటి ఊళ్ల పేర్లతోనూ వేర్వేరు శిలువలున్నాయి. ఒకప్పుడు ఎక్కువగా మగవాళ్లు వేసుకునేవారు, తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. ఇప్పుడు ఆడవాళ్లూ వేసుకుంటున్నారు.

వీటిని చేసేవాళ్లు ఇనదన్ అనే కంసాలి కుటుంబాలవాళ్లు. పని తరతరాలుగా ఇంట్లోనే నేర్చుకుంటారు. నేల మీద కూర్చుని, మైనంతో నమూనా చేసి, దానికి బంకమట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి కారిపోయాక ఆ ఖాళీలో వెండి పోస్తారు. చల్లారాక అచ్చు పగలగొట్టాల్సిందే, అందుకే ఏ రెండు శిలువలూ అచ్చు గుద్దినట్టు ఉండవు. ఆ తర్వాత గీతలు చెక్కడం, మెరుగు పెట్టడం. పాతకాలంలో వెండి నాణేల నుంచి వచ్చేది. 1780 అని ముద్రించిన ఆస్ట్రియా మరియా థెరెసా నాణెం సహారా అంతటా చెల్లేది. అందులో వెండి వెయ్యికి 833 పాళ్లు. అలాంటి నాణేలు ఎన్ని కరిగి నగలయ్యాయో! బంగారం మాత్రం టువారెగ్‌లకు పాత రోజుల్లో గిట్టేది కాదు, అది కీడు చేస్తుందని నమ్మేవారు. మన కొట్లలో ఈ మాట చెబితే నవ్వుతారు.

మొరాకో, అల్జీరియాల్లోని మూలవాసులైన బెర్బర్ల (తమను తాము ఇమజీగెన్ అంటారు) నగల కథ వేరు. అక్కడ ముఖ్యమైన నగ భుజాల దగ్గర పెట్టుకునే జంట పిన్నీసు. కుట్టు లేని బట్టను ఒంటికి పట్టి ఉంచేది అదే. రెంటినీ కలుపుతూ గొలుసు వేలాడుతుంది. పిన్నీసు ఆకారం, పని తీరు చూసి ఆమెది ఏ ప్రాంతమో పోల్చుకునేవారు. అల్జీరియాలో కబీలియా ప్రాంతపు బేనీ యెన్నీలో నీలం, ఆకుపచ్చ, పసుపు మీనా పని (రంగు గాజు పూత) చేసి, ఎర్ర పగడాలు పొదుగుతారు. అక్కడ మగపిల్లాణ్ణి కన్న తల్లి ఒక గుండ్రటి నగను నుదుటి మీద పెట్టుకునే ఆచారం ఉండేది. ఆ పక్షపాతం మనకూ కొత్తేమీ కాదు లెండి. పెళ్లికి వచ్చిన వెండి ఆడమనిషి సొంత ఆస్తి. పంట బాగా పండితే ఇంకొంత కొనేవారు, కరువొస్తే అదే అమ్మేవారు.

దక్షిణ మొరాకోలో ఈ పని చేసినవారిలో చాలామంది యూదులు. 1950, 60 దశకాల్లో వాళ్లలో ఎక్కువమంది ఇజ్రాయెల్‌కు వెళ్లిపోయారు. మిగిలిన పనివాళ్లు ఆ విద్యను నిలబెట్టారు. అగాదీర్‌కు దక్షిణాన ఉన్న తిజ్నీత్‌కు ఇప్పటికీ వెండి ఊరనే పేరు.

డిజైన్‌ను అనుకరించడమే నేరమని నేను అనను. టువారెగ్ పనివాళ్లు కూడా కొనేవాళ్లను బట్టి పాత శిలువను చెవిపోగుగా, ఉంగరంగా మార్చుకున్నారు. 2007లో టువారెగ్‌ల తిరుగుబాటు మొదలై అగదెజ్‌కు పర్యాటకులు తగ్గిపోయాక, బయటి దేశాల కొనుగోలుదారుల అవసరం వాళ్లకు ఇంకా పెరిగింది. నా అభ్యంతరమల్లా పేరు దగ్గరే. ఆన్‌లైన్‌లో 'టువారెగ్ సిల్వర్ పెండెంట్' అని వెతికితే జర్మన్ సిల్వర్ సరుకు వస్తుంది. జర్మన్ సిల్వర్‌లో ఉండేది రాగి, నికెల్, జింకు. వెండి చుక్క కూడా ఉండదు. మా కరీంనగర్ ఫిలిగ్రీకి (సన్నని వెండి తీగ పనికి) జీఐ, అంటే ఊరి పేరును కాపాడే భౌగోళిక గుర్తింపు ఉంది. రేపు ఎవరైనా మెషిన్ మీద పోత పోసిన తీగ డిజైన్లకు ఆ పేరు తగిలిస్తే మేం ఊరుకుంటామా?

కొత్త చట్టం అక్కర్లేదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వస్తువు ఏ దేశంలో తయారైందో అమ్మకందారు చెప్పాలి. వెండికీ హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడి నంబరు) ఉన్న హాల్‌మార్క్ 2025 సెప్టెంబరు 1 నుంచి వచ్చింది, కానీ అది స్వచ్ఛందమే. బంగారానికిలా దాన్నీ తప్పనిసరి చేయాలి. అమ్మే సైట్లు లోహం పేరు పెద్ద అక్షరాల్లో వేసి, అసలుది కాకపోతే 'అనుకరణ' అని రాయాలి. వినియోగదారుల శాఖ అధికారులు తనిఖీల్లో దీన్ని కూడా చూడాలి.

మీ పత్రికకు ఒక విన్నపం. ఆ ఫొటో కింది వ్యాఖ్యను వచ్చే ఆదివారం సరిదిద్దండి. ఇకపై ఇలాంటి నగ బొమ్మ వేసినప్పుడు అది ఏ ఊరిదో, ఏ లోహమో ఒక్క లైనులో రాయండి, చాలు.

ఇట్లు,
ఒక వెండి వ్యాపారి,
కరీంనగర్