మంత్రి గారూ, నీళ్లు తేటగా ఉంటే చాలదు

గౌరవనీయులైన రాష్ట్ర పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రకాశం జిల్లాలో 30 ఏళ్లు కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇది నీళ్లు రాలేదన్న ఫిర్యాదు కాదు. వచ్చే నీళ్లను మనం ఎలా చూస్తున్నామన్నదే నా బాధ.

మొన్న ఏప్రిల్‌లో మా కుళాయి నీళ్లు నాచు వాసన వేశాయి. రెండు రోజులకు ఆ వాసన పోయి క్లోరిన్ ఘాటు మొదలైంది. మా మనవరాలు గ్లాసు నోటిదాకా తెచ్చి పక్కన పెట్టేసింది. నీటి శుద్ధి ప్లాంటులో అడిగితే, "టర్బిడిటీ (నీటి మసక) బాగానే ఉంది మాస్టారూ, నీళ్లు తేటగానే ఉన్నాయిగా" అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. టర్బిడిటీ మీటరు చూసేది నీళ్లలో తేలే మట్టి లాంటి రేణువులనే. కరిగిపోయినవి దానికి కనబడవు. వడకట్టిన టీ డికాషన్‌లో ఆకు ఉండదు, కానీ ఆకులోని సారమంతా అందులోనే ఉంటుంది కదా!

మన జిల్లాలో సాగర్ కాలువకు నీళ్లు వదిలినప్పుడు ఎస్ఎస్ ట్యాంకులు (వేసవి కోసం నీళ్లు నిల్వ చేసే చెరువులు) నింపుకుని, మళ్లీ వదిలేదాకా వాటితోనే నెట్టుకొస్తాం. ఎండకు నాచు పెరుగుతుంది, చస్తుంది, కుళ్లుతుంది. గట్టు మీది ఆకూ అలమూ అందులోనే నానుతాయి. ఇలా కరిగిన సేంద్రియ పదార్థాన్ని ఇసుక ఫిల్టరు పెద్దగా ఆపలేదు. దానికి క్లోరిన్ తగిలితే క్లోరోఫామ్ లాంటి, ఒంటికి మంచివి కాని ట్రైహాలోమీథేన్లు పుడతాయి. 1974లోనే రోటర్‌డామ్‌లో రూక్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి బయటపెట్టారు. మన ఐఎస్ 10500 ప్రమాణం కూడా తాగునీటిలో క్లోరోఫామ్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదంటోంది.

దయచేసి దీన్ని క్లోరిన్ తగ్గించమన్న మాటగా తీసుకోవద్దు. టైఫాయిడ్, కలరా నుంచి మన పిల్లల్ని కాపాడుతున్నది అదే. క్లోరిన్ కలిపేలోపే ఆ సేంద్రియ పదార్థాన్ని వీలైనంత తీసేయాలి. తీయాలంటే ముందు అది ఎంతుందో తెలియాలి.

దానికి కాంతితో కొలిచే తేలికైన పద్ధతి ఉంది. నీటి శాంపిల్‌ను 0.45 మైక్రాన్ ఫిల్టరులో వడకట్టి, 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని అందులోంచి పంపుతారు. కుళ్లిన ఆకుల నుంచి వచ్చే హ్యూమిక్ పదార్థాలు ఆ కాంతిని పీల్చుకుంటాయి. ఎంత పీల్చుకున్నాయో అంకె నిమిషాల్లో వస్తుంది. (ఇంట్లో ఫిల్టరుకు ఉండే యూవీ దీపం పని వేరు, అది క్రిముల్ని చంపడానికి.) నీటిలో కరిగిన సేంద్రియ కార్బన్‌కు ఆ అంకె ఏ నిష్పత్తిలో ఉందో లెక్కగడితే వచ్చేదాన్ని సువా అంటారు. అది 4 దాటితే పటిక ఆ పదార్థాన్ని బాగా పట్టుకుంటుంది. 2 లోపు ఉంటే పటిక ఎంత కుమ్మరించినా ప్రయోజనం తక్కువ, యాక్టివేటెడ్ కార్బన్ లాంటివి ఆలోచించాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. నాచు నుంచి వచ్చే ప్రొటీన్ లాంటి పదార్థాలు 254 దగ్గర అంతగా కనబడవు. మన ఎస్ఎస్ ట్యాంకులకు అదే ముఖ్యం. వాటికి ఫ్లోరెసెన్స్ పరీక్ష కావాలి. సుమారు 280 నానోమీటర్ల కాంతి వేస్తే అవి 340 దాపుల్లో తిరిగి వెలుగునిస్తాయి. ప్రతి ప్లాంటుకూ ఆ యంత్రం అక్కర్లేదు, జిల్లా ల్యాబ్‌లో ఒకటుంటే చాలు.

మీరు ముందుగా ఒక్క ఎస్ఎస్ ట్యాంకు ప్లాంటును ఎంచుకోండి. కాలువ నీళ్లు నింపిన రోజు నుంచి వేసవి చివరిదాకా రోజూ పచ్చి నీటికీ (శుద్ధి చేయని నీటికి), ఫిల్టరైన నీటికీ ఈ 254 రీడింగ్ తీయించండి. పటిక మోతాదు కోసం చేసే జార్ టెస్టులో టర్బిడిటీతో పాటు ఈ అంకె కూడా చూడమనండి. నెల్లూరు వైపు పెన్నా వరద నీటి తీరు వేరు, అక్కడ విడిగా రాయాలి. ఒక చోటి లెక్క ఇంకో చోట పనికిరాదు.

అన్నిటికంటే ముందు ఆపరేటర్లకు నేర్పించండి. రాత్రింబవళ్లు ప్లాంటులో ఉండేది వాళ్లే. మా దగ్గర ఇంటర్ చదివిన పిల్లలే అక్కడ పనిచేస్తున్నారు, రెండు రోజుల్లో నేర్చుకుంటారు. కావాలంటే నేనే వచ్చి చెబుతాను, జీతం భత్యం ఏమీ వద్దు. కాలువకు మళ్లీ నీళ్లు వదిలేలోపు మీ ఆదేశం వస్తుందని ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు,
ప్రకాశం జిల్లా