మండపం పాత పద్ధతిలోనే నిలబెడదాం: విరాళాల విజ్ఞప్తి

భక్తులందరికీ ఆలయ కమిటీ నమస్కారాలు.

మన గుడి ముఖమండపం పరిస్థితి మీరు చూస్తూనే ఉన్నారు. గోడ ఉబ్బింది, దూలాల కొనలు చీకిపోయాయి, పెంకులు జారుతున్నాయి. "కూల్చేసి శ్లాబు వేసేయండి, పీడా పోతుంది" అని చాలామంది సలహా ఇచ్చారు. శ్లాబు త్వరగా అయిపోతుంది, మేస్త్రీలూ దొరుకుతారు, కాదనం. అయినా సున్నం, మట్టి, కలపతోనే బాగుచేయించాలని కమిటీ తీర్మానించింది. డబ్బు అడుగుతున్నాం కాబట్టి కారణం చెప్పాలి.

ఈ గోడ డంగు సున్నంతో కట్టింది. సున్నం గోడ నేలలోంచి పీల్చిన తేమను మళ్లీ గాలికి వదిలేస్తుంది. దాని మీద ఎప్పుడో సిమెంటు పూత పడింది. ఇక తేమకు బయటికి దారి లేదు. లోపలే ఉండి ఇటుకను తినేసింది. ఉప్పు తెల్లగా పొంగి పెచ్చులు ఊడుతున్నాయి, గోటితో గీరితే చాలు ఇటుక పొడి రాలుతోంది. దూలాల కొనలు చీకడానికీ ఇదే కారణం. చూరు కింద సిమెంటు తగలని జానెడు మేర మాత్రం పాత పూత ఇప్పటికీ నున్నగా ఉంది. వచ్చినప్పుడు ఒకసారి చెయ్యి పెట్టి చూడండి.

సున్నం పని ఓపిక పని. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాల్చాలి, నీళ్లు పోసి చల్లార్చాలి, నానబెట్టాలి, ఇసుకతో కలిపి గానుగలో నూరాలి. పల్చగా పూసి, ఆరాకే మరో పూత. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటూ అది మెల్లగా మళ్లీ రాయి అవుతుంది. తొందరపడితే పగులుతుంది. తడి ఎంత ఉండాలో, ఎప్పుడు రుద్దాలో మేస్త్రి చేతికే తెలుసు. ఆ పని పిలిచేవాళ్లే లేకపోతే ఆయన కొడుకు ఎందుకు నేర్చుకుంటాడు?

పని ఆగకుండా సాగే చోట పనితనం ఎలా నిలుస్తుందో చూడండి. ఆఫ్రికాలో మాలి దేశంలోని జెన్నే పెద్ద మసీదు మట్టి కట్టడం. ఇప్పుడున్నది 1907 నాటిది. ఏటా ఊరంతా కదిలొచ్చి మట్టి పూస్తారు, గోడలోంచి పొడుచుకొచ్చిన కర్రలే వాళ్లకు పరంజా. జపాన్‌లో ఇసే ఆలయాన్ని 20 ఏళ్లకోసారి పక్క స్థలంలో కొత్త కలపతో మళ్లీ కడతారు, 2013లో కట్టింది 62వసారి. పెద్ద వడ్రంగి ఇంకా పనిలో ఉండగానే కుర్రవాడు నేర్చేసుకుంటాడు. పాత కట్టడాల సంరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐకోమాస్, దేశీయ కట్టడాల మీద 1999లో తెచ్చిన చార్టర్ (మార్గదర్శక పత్రం) కూడా గోడలతో పాటు ఆ పనితనాన్ని కొత్త తరానికి అందించాలనే చెబుతుంది.

అందుకే మీరిచ్చే విరాళం సున్నానికీ కలపకే కాదు, మేస్త్రీల పక్కన పని నేర్చుకునే కుర్రాళ్ల కూలికీ వెళ్తుంది. అది దండగ ఖర్చని కొందరు సభ్యులే అన్నారు. మాకైతే అన్నిటికన్నా ముఖ్యమైన పద్దు అదే.

డబ్బు ఇవ్వలేనివారు పాత ఇల్లు విప్పుతుంటే పురుగు పట్టని చేవ దూలాలు, పగలని పెంకులు ఉంటే కబురు చేయండి, మనుషుల్ని పంపించి తెప్పించుకుంటాం. శ్రమదానానికి వచ్చేవారు ముందుగా పేరు రాయించుకోండి.

ఒక మాట. ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లు కనిపించే రోజులివి, కానీ ఈ గోడ మీద పెయింటు వేయకూడదు, పలక బిగించకూడదు. పేర్లు దాతల పుస్తకంలో మాత్రమే ఉంటాయి. కమిటీ కార్యాలయంలో రసీదు అడిగి తీసుకోండి. రసీదు లేకుండా ఎవరి చేతికీ డబ్బు ఇవ్వొద్దు. జమాఖర్చులు ప్రతి నెలా నోటీసు బోర్డులో పెడతాం.

ఇట్లు,
ఆలయ కమిటీ